ప్రీమియం మిగుల్చుకోండి, మిగతాది ఖల్లివల్లి

బీమా రెండింటికి కట్టాలంటారు: ఊళ్లో కట్టిన ఇంటికి, ఆ ఇల్లు కట్టిన ఒంటికి. దోహా ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో ఉంటున్న జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప అన్నల్లో చాలామందికి ఊళ్లో కొత్త ఇల్లుంది, గేటుకు సింహం బొమ్మలున్నాయి, ఫోన్లో దాని ఫొటోలున్నాయి. ఇంటి పాలసీ ఏటేటా పిరమవుతోందని గొణుక్కుంటూనే కట్టే అమాయకులూ ఉన్నారు. వాళ్లను చూడలేక ఈ చిట్కాలు ఇస్తున్నాం. శ్రద్ధగా పాటించండి, క్లెయిము డబ్బు మీ గడప తొక్కితే ఒట్టు.

1. అసలు పాలసీ తీసుకోకండి. ఎవరైనా అడిగితే "మన ఊరికి వరద ఎక్కడొస్తదన్నా?" అనండి. ఖమ్మంలో మున్నేరు పక్కన, విజయవాడ సింగ్‌నగర్‌లో బుడమేరు పక్కన 2024 సెప్టెంబరు మొదట్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చేదాకా ఈ మాటకు తిరుగులేదు.

2. ధరలు పోల్చకండి. ఇళ్ల కోసం 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీని 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. ముఖ్యమైన షరతులన్నీ ఒకటే కనుక రేటొక్కటి చూసుకుంటే సరిపోతుంది. మంచం మీద పడుకుని పది నిమిషాల్లో చేసే పని. అంత కష్టం మనకెందుకు? రేటు పెరిగిందని వాట్సాప్ స్టేటస్ పెట్టండి, నిరసన తెలిపినట్టే. ఇంకా కోపముంటే జీఎస్టీ మీద ఏజెంటుతో పోట్లాడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తీసేసింది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు; ఇంటి పాలసీకి 18 శాతం అలాగే ఉంది. ఆ తేడా తెలుసుకోకుండా పోట్లాడితేనే గొంతు లేస్తుంది.

3. ఇంటి కొలతలు తగ్గించి చెప్పండి. ఈ పాలసీలో విలువ కట్టేది ఇంటి వైశాల్యాన్ని, కట్టుబడి ఖర్చును బట్టి. నిజం చెబితే "తక్కువకు బీమా చేశావు" అని క్లెయిములో కోత పెట్టే వీలు కంపెనీకి లేదు. అందుకని పై అంతస్తును మరిచిపోండి. కింద తమ్ముడు పెట్టిన కిరాణా కొట్టును హాలు అనండి. ఇల్లు తాళం వేసి ఉంటే "అమ్మ ఉంటది" అని రాయించండి, ఆవిడ హైదరాబాద్‌లో అక్క దగ్గర ఉన్నా సరే.

తెలివి మరీ ఎక్కువైతే రెండో దారి పట్టండి: స్థలం ఖరీదు కూడా కలిపి బీమా చేయండి. నేల కాలిపోదు, కొట్టుకుపోదు, దానికి పైసా రాదు. ప్రీమియం మాత్రం నిండుగా పోతుంది. అన్నిటికన్నా తేలిక, ఖాళీ ఫారం మీద సంతకం చేసి ఏజెంటుకు ఇచ్చేయడం. మీ అబద్ధాలు కూడా ఆయనే రాసిపెడతాడు.

4. ఒంటి బీమా సంగతి. ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఖతార్‌కు పనికి వచ్చేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా పది లక్షలు. కంపెనీ మారినా పాలసీ మారదు. ఇంత తక్కువకు ఇంత వస్తుందంటే అందులో ఏదో మోసం ఉండి తీరాలి కాబట్టి దీన్ని తప్పించుకోండి. విజిట్ వీసా మీద వచ్చేస్తే ఎమిగ్రేషన్ క్లియరెన్సూ లేదు, బీమా లేదు, గొడవా లేదు.

ఇప్పటికే చేయించుకున్నారా? భయపడకండి, పోగొట్టుకోవడానికి దారులున్నాయి. కాగితం ఊళ్లో ఏజెంటు దగ్గరే వదిలేయండి. నామినీగా పెళ్లికి ముందు రాయించిన పేరే ఉంచండి. పెళ్లాం, పిల్లలు, అన్నదమ్ములు కోర్టు మెట్ల దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రెండో కాంట్రాక్టుకు రెన్యువల్ మాటెత్తకండి. ఆన్‌లైన్‌లో అయిపోతుందట, వినకండి.

ప్రమాదానికే డబ్బు అన్న ముక్కను కూడా చదవకండి. రాత్రి పడుకుని పొద్దున లేవనివాళ్లు ఈ క్యాంపుల్లో తక్కువేం కాదు, ఆ చావుకు ఈ పాలసీలో పది లక్షలు రావు. ఆ లోటు పూడ్చడానికే దోహాలో మన ఎంబసీ కింద నడిచే ఇండియన్ కమ్యూనిటీ బెనెవలెంట్ ఫోరం ఒక పథకం తెచ్చింది: రెండేళ్లకు 125 రియాళ్లు, ఏ కారణంతో పోయినా కుటుంబానికి లక్ష రియాళ్లు. 125 రియాళ్లా! ఏషియన్ టౌన్ గ్రాండ్ మాల్‌లో రెండు శుక్రవారాలు తిరిగితే అయిపోయే డబ్బును ఎవరైనా అలా పారేసుకుంటారా?

5. నష్టం జరిగితే ముందు రుజువులు మాయం చేయండి. నీళ్లు దిగగానే వీడియో కాల్‌లో ఇంట్లోవాళ్లను తొందరపెట్టండి: బురద కడిగించండి, ఉబ్బిన తలుపులు పొయ్యిలో పెట్టించండి, తడిసిన టీవీని పాత సామాన్లవాడికి అమ్మించండి. ఫొటో ఒక్కటీ తీయనివ్వకండి. సర్వేయర్ వచ్చేసరికి ఇల్లు పండుగకు అలికినట్టు ఉండాలి. ఇల్లు కట్టిన డబ్బు హుండీలో పంపి ఉంటే మరీ మంచిది, రసీదు బెడద లేదు. సిమెంటు బిల్లు మేస్త్రి పేరున, ఇసుక బిల్లు గాలికి.

కంపెనీకి మాత్రం తాపీగా చెప్పండి. వెంటనే చెప్పాలని పాలసీలో ఉంటుంది, కానీ 'వెంటనే' అంటే మన క్యాంపులో ఎప్పుడో మీకు తెలియంది కాదు. ఏసీ బాగుచేయడానికి వెంటనే మనిషిని పంపుతామని క్యాంప్ బాస్ అన్నది ఏ నెలలో?

6. పోయిన ఫ్రిజ్‌తో పాటు లేని ఫ్రిజ్‌ను కూడా రాయండి. ఒక్క దొంగ బిల్లు దొరికినా మొత్తం క్లెయిము కొట్టేసే హక్కు కంపెనీకి ఉంది. ఇరవై వేల ఆశకు ఆరు లక్షలు వదులుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. ఇంటి పాలసీలో కట్టడం విలువలో 20 శాతం దాకా, పది లక్షలకు మించకుండా, సామాన్లకు దానంతట అదే రక్షణ ఉంటుంది. ఉన్న సామాన్ల జాబితా నిజంగా రాస్తే చాలు. అలా రాస్తే మన పనితనం ఎక్కడ కనబడుతుంది?

7. హక్కుల జోలికి పోకండి. "కాగితాలు తక్కువున్నాయి, కుదరదు" అని ఫోన్లో అంటే "సరే సార్" అని పెట్టేయండి. కాగితాలు లేవన్న ఒక్క కారణంతో సాధారణ బీమా క్లెయిములు కొట్టేయకూడదని 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ చెప్పిన సంగతి వాళ్లకు గుర్తుచేస్తే మనసు నొచ్చుకుంటారు. కాదన్నది రాతపూర్వకంగా అడగకండి, మీరూ ఏదీ రాయకండి. బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే నంబరు వస్తుంది. నంబరు వస్తే జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్లకు వస్తుంది. పాపం కదా.

హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 50 లక్షల దాకా తగవు తీరుస్తాడు, ఫీజు లేదు, వకీలుతో పని లేదు. ముందు కంపెనీకి రాసి నెల రోజులు ఆగాలి, వాళ్లు కాదన్నాక ఏడాదిలోపు ఈయన దగ్గరికి వెళ్లాలి. మన కంపెనీ సెలవు ఇచ్చేది రెండేళ్లకొకసారి. లెక్క చక్కగా కుదిరింది చూశారా! ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చన్న మాట రూమ్‌లో ఎవరైనా ఎత్తితే పేకముక్కలు పంచండి. సెలవుకు వెళ్లినప్పుడే చూసుకుందాం అనండి.

అప్పటికీ ఆరాటం తీరకపోతే మండలంలో ఒక పైరవీకారు దొరుకుతాడు. వచ్చినదాంట్లో మూడో వంతు తనకు, ముందు ఖర్చులు మీవి. ఉచితంగా అయ్యే పనికి డబ్బిస్తేనే మర్యాదగా ఉంటుంది.

8. ఇల్లు మళ్లీ కట్టాలంటే ఇక్కడే మార్గముంది. ఫోర్‌మన్‌కు చాయ్ తాగించి ఓవర్‌టైం అడగండి, ఇంకో రెండేళ్లకు కాంట్రాక్టు పొడిగించుకోండి. కాగితం అరబ్బీలో ఉంటుంది. చదివి చెప్పమని ఎవర్నీ విసిగించకండి, వేలు ఎక్కడ పెట్టి చూపిస్తే అక్కడ సంతకం చేయండి.