మా బావగారూ, నాలుగు చక్రాలూ

మా బావగారు పెళ్ళిచూపులకు వస్తే అబ్బాయి మొహం చూడరు. అబ్బాయి దిగిన కారు చక్రాలు చూస్తారు. మా చిన్నాన్న కూతురి విషయంలో జరిగిందిదే. లోపల కాఫీలూ జంతికలూ నడుస్తుంటే ఆయన గేటు బయట గొంతుక్కూచుని ఉన్నారు. కాసేపటికి చేతులు దులుపుకుంటూ లోపలికొచ్చి చిన్నాన్నను పక్కకు పిలిచారు.

"చిన్నమామయ్యగారూ, ముందు చక్రాల నిండా బ్రేకు మసి ఉందండీ. కుర్రాడు ఆఖరి క్షణం దాకా ఆగి అప్పుడు బ్రేకు తొక్కే రకం. మరి ఆలోచించుకోండి."

బ్రేకు వెయ్యగానే బండి బరువంతా ముందుకు తూలుతుందనీ, అందుకే ముందు బ్రేకులకు పని ఎక్కువనీ, ఎవరి కారుకైనా ముందు చక్రాలే నల్లబడతాయనీ నాకు నేర్పింది ఆయనే. ఆ మాటే గుర్తుచేశాను. "నల్లబడటం వేరు, ఇంత నల్లబడటం వేరు" అన్నారు. సంబంధం ఎలాగూ కుదిరింది. పెళ్ళిలో అందరూ కవర్లు చదివిస్తే, బావగారు మెత్తటి కుచ్చున్న వీల్ బ్రష్షు చదివించారు.

ఇలాంటాయన మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. మీకు పెదనాన్న కావచ్చు, కింది వాటాలో అద్దెకున్నాయన కావచ్చు. పాలవాడి కంటే ముందే లేచి, లుంగీ ఎగ్గట్టి, రెండు బకెట్లు పట్టుకుని కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటాడు. కారు పైభాగం ఎవరైనా తుడుస్తారు. చక్రం పక్కన పీట వేసుకుని కూర్చున్నవాడే అసలైనవాడు.

మా బావగారు విజయవాడలో జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పిల్లలకు చెప్పిన ఆమ్లాలూ క్షారాలూ రిటైరయ్యాక ఎవరికి చెప్పాలో తెలియక చక్రాలకు చెబుతున్నారని మా అక్కయ్య అభిప్రాయం. పటమటలో వాళ్ళింటి వంటగది పక్క గదిలో, ఒకప్పుడు ఆవకాయ జాడీలుండే అలమార ఉంది. ఇప్పుడందులో సీసాలున్నాయి. చక్రానికి ఒకటి, టైరుకు ఒకటి, చక్రానికీ టైరుకూ మధ్య అంచుకు ఇంకొకటి. సోనాక్స్, త్రీఎమ్, టర్టిల్ వ్యాక్స్ అన్న పేర్లు వాళ్ళ మనవడికి అ ఆ ల కంటే ముందు వచ్చాయి. జాడీలు మంచం కిందికి చేరాయి.

ఆయనతో కొట్టుకు వెళ్ళడం మహా ప్రయాస. ఏలూరు రోడ్డులో ఒక దుకాణంలో చక్రాలు కడిగే మందు సీసా తీసుకుని, వెనకున్న చీమతలకాయంత అక్షరాలన్నీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివి, "దీని పీహెచ్ ఎంతుంటుందోయ్?" అని కౌంటరు కుర్రాణ్ణి అడిగారు.

"ఎమ్మార్పీ ఎంతో చెప్పగలను సార్."

బావగారికి కోపం రాలేదు. జాలేసింది. ఆ కుర్రాడికి అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టారు. అల్లాయ్ చక్రం అంటే ముప్పాతిక మూడొంతులు అల్యూమినియమే. అది ఆమ్లానికీ లొంగుతుంది, గాఢమైన క్షారానికీ లొంగుతుంది. పైనున్న లక్కపూత బాగున్నంత కాలం పర్వాలేదు, అది ఎక్కడ పెచ్చు లేచిందో అక్కడ ఘాటు మందు తగిలితే తెల్లమచ్చ పడి ఇక పోదు. కొన్ని వాటర్ సర్వీసింగ్ షెడ్లలో పేరు లేని డబ్బాలోంచి చల్లే మందులో ఫ్లోరైడు జాతి ఆమ్లం ఉందంటే, అది చర్మంలోంచి దిగి లోపలి కాల్షియం మీద పడుతుంది. "చక్రం తళతళలాడుతుంది, తుడిచిన పిల్లాడి వేళ్ళు పోతాయి" అన్నారు. కౌంటరు కుర్రాడు నిజంగానే భయపడి, తన షాపులో ఉన్న అలాంటి డబ్బా ఒకటి చూపించాడు. నా వెనక నిలబడ్డ ఇద్దరు కొనేవాళ్ళు మాత్రం వెళ్ళిపోయారు.

ఇక్కడే నాకు ఆయనతో చిక్కు. ఆయన చెప్పేదంతా నిజం. తప్పు చెబితే నవ్వి ఊరుకోవచ్చు, నిజం చెప్పేవాణ్ణి తప్పించుకునే దారి లేదు.

ఆయన అలమారలో పట్టపురాణి ఇనుప మసిని కరిగించే మందు. బ్రేకు ప్యాడ్లూ డిస్కూ రాసుకున్నప్పుడు వేడివేడిగా ఎగిరే ఇనుప రజను చక్రానికి అంటుకుని, తుప్పు పట్టి, సబ్బుకు రాకుండా కూర్చుంటుంది. ఈ మందులోని థయోగ్లైకొలేట్ ఆ ఇనుముతో కలవగానే వంకాయరంగు నీరు కారుతుంది. మొదటిసారి కొట్టినప్పుడు నాలుగు చక్రాల నుంచీ వంకాయరంగు ధారలు గేటు దాటి రోడ్డెక్కాయి. ఎదురింటి మామ్మగారు కారు కింద ఎవరో పడ్డారనుకుని కేక పెట్టారు.

రంగు సంగతి సరే, వాసన! కోడిగుడ్డు గడప తొక్కని ఇంట్లో కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అక్కయ్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇదేం మందని నిలదీస్తే, బావగారు గర్వంగా, "ఆడవాళ్ళు వెంట్రుకలు తీసేందుకు వాడే క్రీముల్లో ఉండేది కూడా ఈ జాతి లవణమే" అన్నారు.

"అయితే చక్రాలకు వెంట్రుకలు మొలిచాయా?" అంది అక్కయ్య.

ఆ ఇంట్లో కెమిస్ట్రీ మీద జరిగిన చర్చల్లో అక్కయ్య గెలిచింది అదొక్కటే.

మా అమ్మ దారి వేరు. ఇత్తడి బిందెకు చింతపండు, తలకు కుంకుడుకాయ, మిగతా ప్రపంచానికంతా కొబ్బరినూనె చాలని ఆవిడ నమ్మకం. అల్లుడిగారి ఖర్చు చూడలేక, "కుంకుడు రసం కొట్టి పొయ్యకూడదూ?" అంది. అత్తగారి మాట కాబట్టి బావగారు ప్రయోగం చేశారు. నురుగు వచ్చింది, మామూలు దుమ్ము పోయింది, బ్రేకు మసి కదల్లేదు. కొబ్బరినూనె రాసిన టైరు గంటసేపు నిగనిగలాడి, బందరు రోడ్డు మీద దుమ్మంతా పూసుకుని వచ్చింది. కిరోసినూ డీజిలూ మాత్రం ఆయన దరిదాపులకు రానివ్వరు, రబ్బరు ఉబ్బి పాడవుతుందని. వాళ్ళ పనిమనిషి ఒకసారి మంచిమనసుతో అంట్లపొడీ ఇనుప పీచూ తీసుకుని ముందు చక్రం మీదికి వంగింది. మేడమీంచి చూసిన బావగారు "ఆగమ్మా!" అని అరిచిన అరుపుకు ఆవిడ నాలుగు రోజులు పనికి రాలేదు. అంట్లు అక్కయ్య తోముకుంది.

చక్రం వేడిగా ఉంటే మందు కొట్టకూడదు, ఎండలో అసలు కడక్కూడదు. మందు అక్కడే ఆరిపోయి మరకవుతుంది. అందుకని కారు ఎక్కడికైనా వెళ్ళొస్తే బావగారు నాలుగు చక్రాలకూ వరసగా అరచెయ్యి ఆనించి చూస్తారు, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. ఆ చెయ్యి అంత మెత్తగా ఆనించడం చూస్తే మాత్రం ఆయన మీద నాకున్న కోపం పోతుంది. మళ్ళీ నోరు తెరిచేదాకా.

బోరు నీళ్ళతో కడిగితే సున్నపు చుక్కలు మిగులుతాయి కాబట్టి కుళాయి నీళ్ళే కావాలి. 2024 మార్చిలో కూతుర్ని చూడటానికి బెంగళూరు వెళ్ళారు. సరిగ్గా అప్పుడే అక్కడి జలమండలి, తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. ఆయనకు కాలూ చెయ్యీ ఆడలేదు. కూతురు ఆర్వో ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీళ్ళు బకెట్టులో పట్టి ఇస్తే, "అందులోనే కదమ్మా లవణాలన్నీ ఉండేది!" అని బకెట్టును బాల్కనీలో మొక్కల దగ్గర పెట్టేశారు. తిరుగు రైలు రెండు రోజులు ముందుకు జరిగింది.

టైరు ఆయనకు ప్రత్యేక పేపరు. పాత టైరు పక్కలు గోధుమరంగుకు తిరగడం మనం చూసి మట్టి అనుకుంటాం. కొంత మట్టే. మిగతాది రబ్బరు పగలకుండా తయారీలోనే కలిపే మందు మెల్లగా పైకి ఊరి, గాలి తగిలి రంగు మారడం. అది కడక్కుండా పైన పాలిష్ వేస్తే స్నానం చెయ్యకుండా పౌడరు రాసుకోవడమేనట. టైరు తోమి, తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డకు గోధుమరంగు అంటనంత వరకూ ఆపరు. పెళ్ళిళ్ళలో ఆయనకు పెట్టిన తెల్ల తువాళ్ళన్నీ ఇలాగే గతించాయి. సియాటిల్లో ఉన్న మేనల్లుడు ఒకసారి ఫోనులో, ఆ మందు పేరు 6పీపీడీ అనీ, అది ఓజోనుతో కలిసి మారిన పదార్థం వాననీళ్ళతో వాగుల్లోకి చేరి అక్కడి కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారనీ చెప్పాడు. చేప ముట్టని మా బావగారు ఆ పూట అన్నం సరిగా తినలేదు. మర్నాటి నుంచి టైరు కడిగిన నీళ్ళు కాలువలోకి పోనివ్వకుండా పాత గోనెసంచి అడ్డం వేస్తున్నారు. కృష్ణలో సాల్మన్ లేవని చెప్పి చూశాను. "ఇంకేవో ఉంటాయి కదోయ్" అన్నారు.

పాలిష్‌లో రెండు రకాలు. నూనెలా జిడ్డుగా, అద్దంలా మెరిసేది ఒకటి, నీళ్ళలో కలిపి తీసిన పాలలాంటిది రెండోది. మొదటిది ఆరకుండా బండి తీస్తే చక్రం తిరిగేకొద్దీ ఎగిరి తలుపుల మీద నల్లచుక్కలు పడతాయి. రెండోది అంత మెరవదు కానీ పెద్దమనిషి తరహా. బావగారిది రెండోదే. ఏదైనా సరే రోడ్డుకు ఆనే భాగం మీద పూయకూడదు, జారుతుంది. స్కూటర్లకూ మోటారు సైకిళ్ళకూ అయితే అసలే వద్దు, వంపులో వాలినప్పుడు టైరు అంచే రోడ్డు పట్టుకోవాలి. ఇంత తెలిసిన మనిషి నా గృహప్రవేశం నాడు ఏం చేశారు? తెల్లవారుజామున ముహూర్తం. పుట్టింటి పీటల మీద కూర్చోవలసిన అక్కయ్య పట్టుచీరతో వాకిట్లో నిలబడి ఉంది. టైరు పాలిష్ ఇంకా ఆరలేదట, చీర కుచ్చిళ్ళు టైరుకు తగిలితే నలుపు పోదట. "ఇంకో పావుగంట" అని నాకు మూడుసార్లు ఫోను. పాలు పొంగాయి, పంతులుగారు వెళ్ళారు, అప్పుడొచ్చింది కారు. చక్రాలు చూసి మా మావగారు "కొత్త కారా?" అని అడిగారు. ఆ ఒక్క మాటతో బావగారికి ఆ రోజంతా గృహప్రవేశం తనదే అయిపోయింది.

దసరాకు ఆయుధపూజ ఇంకో పెద్ద పేచీ. చక్రాలకు పసుపు రాసి కుంకుమ పెట్టాలని అక్కయ్య, పసుపు మరక అంచుల్లో దిగుతుందని బావగారు. టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలు నలగ్గానే "సిట్రిక్ యాసిడ్" అంటూ పైపు పట్టుకుని పరిగెత్తేవారు, హారతి వెలుగుతుండగానే. చివరికి రాజీ కుదిరింది. పసుపూ కుంకుమా డిక్కీలోని స్టెప్నీకి పెడతారు. ఇంద్రకీలాద్రి మీది అమ్మవారు అలా ప్రతి ఏటా మా బావగారి అయిదో చక్రాన్ని మాత్రమే కటాక్షిస్తోంది.

ఇంతా చేసి ఆ కారు తిరిగేది తక్కువ. వాన పడితే తియ్యరు, చక్రాలు పాడవుతాయి. ఎండలో తియ్యరు, రబ్బరు ఎండుతుంది. రైతుబజారుకు అక్కయ్య ఆటోలో వెళుతుంది. ఒకసారి ఉండబట్టలేక, అసలు చక్రం శుభ్రంగా ఉండాలంటే ఏం కొనాలో ఒక్క మాటలో చెప్పమన్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"వారం వారం కడిగేవాడికి కారు షాంపూ, మెత్తటి బ్రష్షు, చక్రాలకు విడిగా ఓ బకెట్టూ గుడ్డా. చాలు."

"మరి ఈ సీసాలన్నీ?"

"అవి కడగనివాళ్ళ కోసం కనిపెట్టినవోయ్. మీ అక్కయ్యతో అనకు."

ఈమధ్య టైర్ల కొట్టువాడు ఆయన గుండె బద్దలు కొట్టాడు. టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చూపించి, 2317 అంటే 2017లో ఇరవైమూడో వారం తయారీ అని లెక్క చెప్పాడు. గాడి అరగలేదు, నలుపు తగ్గలేదు, కానీ లోపల రబ్బరు ముసలిదైపోయింది, మార్చాల్సిందే అన్నాడు. బావగారు వాదించలేదు. కెమిస్ట్రీ ఆయనకూ తెలుసు. కొత్తవి నాలుగు వేయించి, పాతవి నాలుగూ ఆటోలో ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నారు.

అవిప్పుడు వాళ్ళ మేడమీదున్నాయి. మొక్కలు పెట్టుకోవడానికి ఎవరికైనా కావాలంటే ఉచితంగా ఇస్తానని అక్కయ్య అంటోంది. బావగారు బ్యాంకు పని మీద బయటికెళ్ళే వేళ చూసుకుని రండి. ఆదివారం పొద్దున మాత్రం రావద్దు, అప్పుడు వాటికి పాలిష్ వేస్తుంటారు.