నాలో కట్టెలు పేర్చారు

నన్ను ఈ ఇంట్లో కక్కసు అంటారు, పంచాయతి కాగితాల్లో శౌచాలయ అని రాశారు. మా ఊరు కెంచార్లహళ్ళిలో ఇంటి మాట తెలుగు, గోడ మీది రాత కన్నడం. అట్లా నాకు పేర్లు రెండొచ్చాయిగానీ, చేయాల్సిన పని ఏళ్ళ తరబడి దొరకలేదు.

2017లో పుట్టాను. స్వచ్ఛ భారత్ కింద వచ్చే 12,000 రూపాయలకు ఇంటాయన తన డబ్బు కొంత కలిపి గోడలు లేపి, రేకు వేయించాడు. తలుపు బిగించాక ఆయన్ని నా ముందు నిలబెట్టి ఫోటో తీశారు. వెనక రెండు గుంతలు తవ్వారు. ఒకటి నిండితే రెండోదానికి మళ్ళించాలి. నిండినదాన్ని మూసి రెండేళ్ళు కదపకుంటే లోపలిదంతా వాసన లేని ఎరువవుతుంది, టమాటా తోటకు వేసుకోవచ్చు. నా పళ్ళేనికి వాలు ఎక్కువ, రెండు లీటర్ల నీళ్ళు పోస్తే చాలు. పళ్ళెం కింది వంపులో నిలిచే కాసిన్ని నీళ్ళే వాసననూ ఈగనూ ఆపుతాయి. నీళ్ళకు కరువున్న మా సీమకు తగ్గట్టే నన్ను కట్టారు.

మొదటి వానకు కట్టెలు తడుస్తాయని రెండు మోపులు నాలో పెట్టారు. నాలుగు రోజులకే అన్నారు. ఆ తర్వాత పట్టుపురుగులు గూళ్ళు అల్లే చంద్రికలు వచ్చాయి, టమాటా క్రేట్లు వచ్చాయి, పగిలిన మందు ట్యాంకు వచ్చింది. పళ్ళెం మీద గోనెసంచి పరిచారు. "ఇంత మంచి గదిని పాడు చేసుకుంటారా ఎవరైనా?" అనేది అవ్వ. తెల్లారకముందే ఇంటిల్లిపాదీ చెంబులు పట్టుకుని నా పక్కగానే బయటికి పోయేవాళ్ళు. నా వంపులో నీళ్ళు ఎండిపోయి, సాలీడు గూడు కట్టింది. 2019 అక్టోబరు 2న దేశంలోని పల్లెల్లో బయటికి పోయే అలవాటు పోయిందని ప్రకటించారు. ఆ పొద్దు కూడా నా మీద గోనెసంచి ఉంది.

ఇది నా ఒక్కదాని కథే కాదు. ఒడిశాలోని పూరీ జిల్లాలో 100 ఊళ్ళు తీసుకుని, సగం ఊళ్ళలో నాలాంటివి కట్టించి, పిల్లల భేదులు తగ్గాయా అని చూశారు. 2014లో ఫలితం చెప్పారు. కట్టించిన ఊళ్ళలో మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళు నూటికి 9 నుంచి 63కు పెరిగాయి. భేదులు తగ్గలేదు. కట్టుకున్న ఇళ్ళలో అందరూ వాడలేదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు!

పెద్దవాళ్ళ మీద కోపం ఎట్లాగో దిగమింగాను. చంటివాడి విషయంలో మాత్రం చేతకాలేదు. ఎనిమిది నెలలవాడు, పాకే వయసు. వాడు గుడ్డలో పోయినదాన్ని తల్లి రోజూ పెంట తిప్ప మీద దులిపేది. "పాలు తాగే బిడ్డది, అదేం చెడ్డదే" అనేది అవ్వ. చెడ్డదే అవ్వా! భేదులు ఎక్కువగా పట్టేది పసిపిల్లలకే, ఆ క్రిములు వాళ్ళ మలంలోనూ ఉంటాయి. ఈగలు తిప్ప మీద నుంచి లేచి సంగటి మీద వాలేవి. కోళ్ళు తిప్పను గీరి ఆ కాళ్ళతోనే వాకిట్లోకి వచ్చేవి. వాడు ఆ మట్టిలోనే పాకి, వేళ్ళు నోట్లో పెట్టుకునేవాడు. తల్లి చేతులు ఉత్త నీళ్ళతో కడుక్కుని, అదే చేత్తో సంగటి మెదిపి పెట్టేది. సబ్బు స్నానానికే. తలుపు సందులోంచి అంతా చూస్తూ ఉండిపోయాను.

పోయిన ఎండాకాలం వాడికి భేదులు పట్టుకున్నాయి. పళ్ళు వస్తున్నాయంది అవ్వ. "నీళ్ళు తాపితే ఇంకా పోతాది" అని నీళ్ళు ఆపించింది. రెండో రోజుకు కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడిస్తే కన్నీళ్ళు రాలేదు. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క వచ్చి, వాకిట్లో మంచం మీద వాణ్ణి పడుకోబెట్టి, పొట్ట మీద చర్మం వేళ్ళతో పట్టి వదిలింది. ఆ మడత మెల్లగా పోయింది. ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో కలిపి, చెంచా చెంచాగా తాపించింది. కక్కితే పది నిమిషాలాగి మళ్ళీ తాపించింది. చనుబాలు ఆపొద్దంది. జింకు మాత్ర రోజుకొకటి, 14 రోజులు, భేదులు నిలిచినా మానొద్దంది. మత్తుగా పడిపోయి తాగలేకపోతే మాత్రం నిమిషం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తమంది. సాయంత్రానికి వాడు ఉచ్చ పోశాడు. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేనూ పీల్చుకున్నాను.

"బిడ్డ దొడ్డికి పోయింది ఎక్కడ వేస్తావమ్మా?" అనడిగింది అక్క. తల్లి తిప్ప వైపు చూసింది. అక్క నా తలుపు వైపు చూసింది.

మరుసటి రోజు తల్లి ఒక్కతే చంద్రికలు బయటికి లాగింది, కట్టెలు మోసింది, గోనెసంచి దులిపింది. చెంబుడు నీళ్ళు పోసింది. ఇన్నేళ్ళకు నా వంపు తడిసింది. వాడి గుడ్డను నా పళ్ళెంలో జాడించి, మళ్ళీ నీళ్ళు పోసి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుంది. ఆ సబ్బు ముక్కను నా గూట్లోనే పెట్టి వెళ్ళింది.

క్రేట్లు ఇంకా మూలనే ఉన్నాయి. పొద్దున్నే ఇంటాయనా, అవ్వా చెంబులు పట్టుకుని నా పక్కగానే బయటికి పోతున్నారు. తల్లి మాత్రం ఇప్పుడు నా తలుపు తీస్తోంది.