పిప్పరమెంటుకీ ఒక పురాణమా!

మా రోజుల్లో పిప్పరమెంటు కొనడానికి చేతిలో అయిదు పైసలుంటే చాలు. ఇప్పుడు భూతద్దం కావాలి. నవ్వకు నాయనా, నిజంగానే కావాలి. డాలస్ నుంచి సెలవులకొచ్చిన మా మనవడికి వేరుశెనగ పడదు, జీడిపప్పు అసలే పడదు. వాడికో చాక్లెట్టు కొనాలంటే రేపరు తిరగేసి, మడతలో దాక్కున్న ఆ కంటికానని అక్షరాలన్నీ చదవాలి. అంత శ్రద్ధగా పరీక్షలకి చదివుంటే నేనీపాటికి కలెక్టరుగా రిటైరయ్యేవాణ్ణి.

శెట్టిగారి కొట్లో గాజు సీసాలు వరసగా ఉండేవి. నిమ్మతొనలు, పప్పుచెక్క, నువ్వుల జీళ్ళు. పప్పుచెక్క తీసిన చెయ్యి పంచెకి తుడుచుకుని, అదే చెయ్యి నిమ్మతొనల సీసాలో పెట్టేవాడు. తిన్నాం, పెరిగాం, ఎవరికీ ఏమీ కాలేదు.

కాలేదన్నానా? మా క్లాసులో ఒకడుండేవాడు. వేరుశెనగ ఉండ తిన్నాడంటే మూతి వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. వాళ్ళ నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేది. మళ్ళీ ఉండ, మళ్ళీ దద్దుర్లు, మళ్ళీ దిష్టి. ఎదురింటావిడ కళ్ళు మంచివి కావని ఊరంతా తీర్మానించారు. పాపం, ఆవిడ ఎన్ని పేరంటాలు పోగొట్టుకుందో! సరేలే, ఈ ముసలాడు జీళ్ళపాకంలా సాగదీస్తున్నాడంటావు, అసలు సంగతికొస్తాను.

అమెరికాలో 2004లో చట్టం చేశారట. పాలు, గుడ్లు, వేరుశెనగ, జీడిపప్పు లాంటివి ఎనిమిది రకాలు, ఏది కలిసినా 2006 నుంచి పొట్లం మీద చెప్పి తీరాలి. 2023 నుంచి నువ్వులు తొమ్మిదోవి. పితృదేవతలకి పెట్టే నువ్వుల మీద కూడా కేసా! మన దేశంలోనూ 2020 నిబంధనల్లో ఇలాంటి జాబితా ఒకటుంది. అంతవరకూ బాగానే ఉంది. ‘ఉండవచ్చు’ అని రాస్తారు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. ఉందో లేదో చెప్పరా బాబూ! పైగా అమెరికాలో ఆ ముక్క రాయడం కంపెనీవాడి ఇష్టమట. రాయనంత మాత్రాన లేదనీ నమ్మడానికి లేదు. అందుకని మా కోడలు కంపెనీలకే ఉత్తరాలు రాసి కనుక్కుంటుంది. ఒకే చాక్లెట్టు చిన్న పొట్లం ఒక ఫ్యాక్టరీలో, పెద్ద పొట్లం ఇంకో ఫ్యాక్టరీలో తయారు కావచ్చట. కాబట్టి కొన్న ప్రతిసారీ మళ్ళీ మొదటి అక్షరం నుంచీ చదవాల్సిందే.

ఇదంతా ఎందుకు, మన మిఠాయి కొట్టుకి పోదాం పదమన్నాను. కోడలు ఎంతో మర్యాదగా, “మావయ్యగారూ, ఆయన జీడిపప్పు పాకం కోసిన కత్తితోనే మైసూర్‌పాకూ కోస్తాడు కదండీ” అంది. నోరు మూతపడింది. ఫ్యాక్టరీవాడు చిన్న అక్షరాల్లోనైనా ఏదో ఒకటి ఏడ్చి చస్తాడు. మనవాడి పళ్ళెం మీద ఏ అక్షరాలూ ఉండవు.

అంతకన్నా కడుపుమంట వేరుశెనగ నూనె సంగతి. రిఫైన్డ్ నూనెని నీళ్ళతో సమానమని నేను పాతికేళ్ళుగా తిడుతున్నానా, బాగా శుద్ధి చేసిన నూనెలో వాడికి పడని ఆ మాంసకృత్తులు దాదాపు ఉండవట. కమ్మగా వాసనొచ్చే నా గానుగ నూనెలోనే మిగిలిపోతాయట! డబ్బా కాస్తా అటకెక్కింది.

ఇక మిగిలింది కొబ్బరి లౌజు. ఇన్నాళ్ళూ కొబ్బరినీ ఆ జీడిపప్పుల సరసనే కూర్చోబెట్టిన అమెరికావాళ్ళు 2025లో తప్పించారు. మనవడికి కొబ్బరి పడుతుందని వాళ్ళ డాక్టరు చెప్పాకే మా ఆవిడ బెల్లం కరిగించింది. బాండీ కొత్తది, గరిటె కొత్తది, కోరాము కూడా కొత్తది. నా పెళ్ళికి కూడా ఇన్ని కొత్త సామాన్లు కొనలేదు. వెధవ ఒక ముక్క కొరికి, “తాతా, ఇందులో చాక్లెట్ ఫ్లేవర్ లేదా?” అన్నాడు.

నాకు పప్పుచెక్క తినాలనిపిస్తే వీధి చివర నిలబడి తిని, నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని మరీ ఇంట్లోకి రావాలి. చేతికి రాసుకునే జెల్ పనికిరాదట, అదీ కోడలే చెప్పింది. మా తాతగారు నట్టింట్లో పడక్కుర్చీ వేసుకుని చుట్ట కాల్చేవారు, అడిగినవాడు లేడు.