శ్రీ గాజుతొట్టి విజయము

సృష్టిలో తొలిసారి చేపను ఇంట్లో పెంచినవాడు వైవస్వత మనువు. దోసిట్లో పడ్డ పిల్లచేపను కుండలో వేశాడు. కుండ చాలక చెరువులో, చెరువు చాలక నదిలో, అదీ చాలక సముద్రంలో వదిలాడు. ఆ కథ చివరిదాకా విన్నవాడెవడూ చేపపిల్లను ఇంటికి తేడు. మా తోడల్లుడు కుండ దగ్గరే లేచి వెళ్లిపోయిన శ్రోత. అట్టి మహావీరుని గ్రీష్మ దండయాత్రను, మత్స్యమూర్తికి మొక్కి, కుకవినింద వాయిదా వేసి, వర్ణిస్తున్నాను.

భాగ్యనగర సామ్రాజ్యమందు, కూకట్‌పల్లి దుర్గంలో, నాలుగో అంతస్తున, టీవీకి ఎడమపక్క అతని సముద్రం ఉంది. పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు, లోతు అడుగున్నర. వెరసి ఎనభై అయిదు లీటర్ల క్షీరసాగరం. దాని అడుగున నీలిరంగు గులకరాళ్లు, నడుమ బుడగ పుట్టినప్పుడల్లా మూత తెరిచే ప్లాస్టిక్ నిధిపెట్టె. గప్పీలూ మోలీలూ దుకాణంలో దొరుకుతాయి కదా అని ఇల్లాలు అంటే, "కొన్నది పెళ్లికూతురవుతుందా? స్వయంవరంలో గెలవాలి గానీ!" అన్నాడు వీరుడు. ఆ ఇల్లాలు స్వయంవరంలో గెలిచినది కాదన్న సంగతి ఆ ఆవేశంలో గుర్తురాలేదు.

సెలవులకు కోనసీమలో మామగారింటికి బయల్దేరాడు. అది మే నెల, కాలువలు కట్టేసే కాలం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించి కాటన్ దొర ఈ నేలకు అపర భగీరథుడయ్యాడు గానీ, ఏటా వేసవిలో మరమ్మతులకని గంగను ఆపేస్తారు. కాలువ ఎండిపోయి అక్కడక్కడా గుంటలు మిగులుతాయి. ఏలిక లేని ఆ మాండలిక రాజ్యాల్లో పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు కిక్కిరిసి కాపురం చేస్తుంటాయి. దండెత్తడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ దైవజ్ఞుడూ పెట్టలేడు.

చతురంగ బలాలు కదిలాయి. బావమరది పిల్లలు ఇద్దరు పదాతిదళం, ఊరకుక్క అశ్వదళం, పాత పెయింటు బకెట్ రథం. గజబలం స్థానంలో నన్ను నిలబెట్టారు. శరీరాన్ని బట్టి చేసిన నియామకమని తరవాత తెలిసింది. వీరుడి చేతిలో దుకాణంలో కొన్న ఆకుపచ్చ వల, అరచెయ్యంత. పిల్లల చేతిలో తాతగారి తువ్వాలు. గాండీవం ఒక గంటసేపు గుంటను చిలికి ఒక రబ్బరు చెప్పును సాధించింది. తువ్వాలు ఒక్క మునకలో లేచేసరికి దాని నడుమ డజను ప్రాణాలు తళతళలాడాయి.

ఇక్కడ కవి వేళాకోళం కాసేపు పక్కన పెట్టాలి. గట్టు మీంచి చూస్తే అన్నీ మట్టిరంగే. గాజు సీసాలోకి వంచి ఎండకు పట్టుకున్నామో లేదో, వజ్రాల అంగడి తెరిచినట్టయింది. ఒంటి మీద రెండు నల్లచుక్కలు పెట్టుకున్న పొట్టి పరిగె ఒకటి. లోపలి వెన్నెముక దాకా కనబడే గాజుచేప ఒకటి. నెత్తిన వెండిబొట్టుతో నీటి పైతట్టునే తిరుగుతూ దోమపిల్లలను మింగే వేలెడు చేప ఒకటి. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో ఇలాంటివాటికే టిక్టో, రంగా, పాంచాక్స్ అని పేర్లు పెట్టాడు. శాస్త్రంలో ఇప్పటికీ అవే పేర్లు. మా అత్తగారి శాస్త్రంలో ఈ మూడింటికీ కలిపి ఒకటే పేరు: "పులుసుకి చాలవు."

వీరుడు అంతటితో ఆగితే కావ్యం ఉండేది కాదు. ఊరచెరువు రేవులో తూటికాడల పక్కన ఎర్రటి మేఘం ఒకటి నీటిపై తేలుతూ, మునుగుతూ కనిపించింది. నిప్పుకణికల్లాంటి చేపపిల్లలు, వందల సంఖ్యలో. "విదేశీ జాతి!" అని కేక పెట్టి, మొలలోతు దిగి, సీసా ముంచాడు. ఆ మేఘం కింద కాపలా ఉన్న తల్లో తండ్రో, మూరెడు నల్లటి శరీరం, అతని పిక్కను బాణంలా తాకింది. యుద్ధభూమి విడిచి గట్టు చేరడంలో వీరుడు చూపిన వేగాన్ని వర్ణించడానికి నాకున్న వృత్తాలు చాలవు. అయినా సీసాలో ఆరు కణికలు చిక్కాయి. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. అవి కొర్రమీను పిల్లలని అల్లుడుగారికి చెప్పే ధైర్యం పదాతిదళానికి లేకపోయింది.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తిరుగు ప్రయాణం. సంచిలో మూడోవంతే నీళ్లు పోసి మిగతాది గాలి నింపడం దుకాణాలవాళ్ల పద్ధతి. వీరుడు దయామయుడు గనక మూతిదాకా నీళ్లే పోశాడు. తెల్లారేసరికి పరిగెల్లో సగం వీరస్వర్గం చేరాయి. సంచి ముడి దగ్గర మిగిలిన కాస్త గాలినీ కొర్రమీను పిల్లలు వంతులవారీగా గుటకలు వేశాయి. బయటి గాలి పీల్చే విద్య వాటి కులవిద్య.

కొత్త ప్రజల గౌరవార్థం తొట్టినీ, రాళ్లనీ, ఫిల్టర్ స్పాంజినీ కుళాయి కింద తోమి తళతళలాడించాడు. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు వారాల తరబడి తపస్సు చేసి ఆ స్పాంజిలో కట్టుకున్న ఆశ్రమం క్లోరిన్ నీటిలో కొట్టుకుపోయింది. యజ్ఞభంగాలు రాక్షసులే చెయ్యనక్కర్లేదు, శుభ్రత ఉన్నవాళ్లు చాలు. రోజూ బకెట్లతో నీళ్లు మార్చి మార్చి, నడుం పట్టేసినా, మిగిలినవాటిని బతికించాడు. ఆ ఒక్క ఘట్టంలో అతను నిజంగానే వీరుడు.

పిమ్మట కణికలు చల్లారాయి. ఎరుపు పోయి బూడిదరంగు వచ్చింది, ఒంటి మీద చారలు తేలాయి. గాజుచేప ఒకనాడు కనబడలేదు. తరవాత వెండిబొట్టు. తరవాత చుక్కల పరిగెలు. పనిమనిషిని అనుమానించారు, పక్కింటి పిల్లిని అనుమానించారు. కణికలు కూడా ఆరు కాస్తా మూడై, మూడు ఒకటై, ఆ ఒకటి నిధిపెట్టె వెనక పడుకుని ఎవరినీ పట్టించుకోకుండా నోరు ఆడిస్తూ ఉంది. దాని జాతి మీటరు దాకా పెరుగుతుందని వీరుడు అప్పుడు చదివాడు. వెళ్లగొట్టడానికీ వీల్లేదు, కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. కోనసీమలో పుట్టినా స్థానికత దానికే ఉంది. కిరాయిదారు మా తోడల్లుడే. అది ఎగిరి గంతేస్తుందని తొట్టి మీద పలక, పలక మీద ఇంజనీరింగు పుస్తకాలు పేర్చాడు. ఆ పుస్తకాలు అతనికి అక్కరకొచ్చింది ఇప్పుడే.

మొన్న అత్తగారు వీడియో కాల్‌లో తొట్టిని చూపించమన్నారు.

"ఏపాటి ఎదిగిందండీ అల్లుడుగారూ?"

"జానెడయిందండి."

"మూరెడయ్యాక కబురు చెయ్యండి. చింతపండు కొనకండి, ఇంటిది నేనే తెస్తాను."