సర్వాంతర్యామికి పోటీదారు

నార్త్ కరోలినాలోని క్యారీ పట్టణమున వేంకటేశ్వరస్వామి ఆలయమునకు 2022లో 87 అడుగుల గోపురము నిలిచినది గాని, సర్వాంతర్యామి యని కీర్తింపబడు ఆ స్వామికి ఇకమీదట పోటీ తప్పునట్లు లేదు. ఏలయన, ఆరవ తరపు వైర్‌లెస్ టవర్లు మన మాటలను మోయుటతో తృప్తినొందక, తమ తరంగములు దేనిని తాకి మరలివచ్చినవో గమనించి, వాన యెంత కురిసినది, బండి యెటు పోయినది, గోడ వెనుక మనిషి కూర్చున్నాడో నిలుచున్నాడో సైతము చెప్పగలవని వాటి వైతాళికులు గానము చేయుచున్నారు. 2023లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రాబోవు తరమునకు నిర్దేశించిన ఆరు ప్రయోజనములలో ఈ జంట ఉద్యోగమొకటి.

వరదను ముందే పసిగట్టుట వీరు చూపు తొలి పుణ్యకార్యము. క్యారీవారికి ఆ పుణ్యము ఇదివరకే దక్కినది. రోడ్డు మునిగినదని పౌరులు ఫోను చేసిన పిమ్మటనే మేల్కొనుచుండిన పురపాలకులు, ఆ ఊరిదే యైన సాస్ సంస్థ తోడ్పాటున, వాల్‌నట్ క్రీక్ పరీవాహమున నీటిమట్టమును, వానను కొలుచు సెన్సార్లను నెలకొల్పిరి. నీరెంత ఎత్తున నున్నదో చెప్పుటకు కొన్ని అంకెలు చాలును. వాటిని పంపుటకు చిన్న రేడియో చాలును. కాదు, టవర్లతోనే వానను కొలిచి తీరవలెనందురా? వానలో సంకేతము క్షీణించు తీరునుబట్టి వర్షపాతమును గణింపవచ్చునని హగిత్ మెస్సర్ బృందము 2006లోనే ఇజ్రాయెల్‌లో, అప్పటికే యున్న టవర్ల లింకులతోనే నిరూపించినది.

అట్లయిన ఈ నూతన వైభవమునకు కొత్తగా చిక్కునదేమి? మన పడకగది. వైఫై తరంగములతో గోడ ఆవలి కదలికను కనుగొనవచ్చునని ఎంఐటీ పరిశోధకులు 2013లో చూపిరి. ఇక గుంటూరులో తల్లి జారిపడినచో క్యారీలోని కుమారునకు తత్‌క్షణమే తెలియునట. విమానపు టిక్కెట్టు ధర మాత్రము యథాతథము! అయినను, పడినప్పుడు గుర్తింపవలెనన్న, పడని దినములన్నిటను గూడ ఆమెను కనిపెట్టియుండవలెను గదా. ఆ దినముల లెక్క ఎవరి ఖాతాలో జమపడునో వైతాళికులు పాడుటలేదు. కెమెరాకు కన్నున్నది, గుడ్డ కప్పవచ్చును. తరంగమును ఆపుటకు మామూలు గుడ్డ చాలదు. క్యారీలో నీటి మీటరు గంటగంటల లెక్కను రేడియో ద్వారా పంపుచున్నను, అది నీటి లెక్క మాత్రమే, దానిని ఇంటివారును చూడగలరు.

వరదను కొలువదలచినవారు వాగు గట్టునకే పోవలెను. ఇంటిలోనికి రాదలచిన తరంగము ముందుగా ఇంటివారి సంతకము తెచ్చుకొనవలెనని, ఆరవ తరపు ప్రమాణములను వ్రాయుచున్నవారు మొదటి పుటలోనే వ్రాయుదురు గాక.