సున్నా క్రెడిట్ల రాజ్యాంగం

ఇంజనీరింగ్ పిల్లలు భారత రాజ్యాంగం చదివి తీరాలి. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్ ఆ మాటే చెబుతుంది. పక్కనే క్రెడిట్ల గడిలో సున్నా చుట్టింది. చదవక తప్పదు, చదివితే ఒరిగేదీ లేదు. మన పౌరజీవితం గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన సిలబస్ మరొకటి నేనెరగను.

పాఠం ఎవరు చెబుతారంటారా? ఆ సెమిస్టర్‌లో ఎవరికి పీరియడ్లు తక్కువ పడితే వాళ్లు. నేనెరిగిన ఓ కాలేజీలో సర్వేయింగ్ సారు ప్రాథమిక హక్కులు చెప్పారు. హద్దులు కొలిచే మనిషే కదా, పరవాలేదు. పరీక్ష ముందురోజు గేటు ఎదుట షాపులో మైక్రో జిరాక్సు అమ్ముతారు: ఆరు హక్కులూ అగ్గిపెట్టెంత కాగితంలో. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుంటారు. రాజ్యాంగాన్ని గుండెలకు ఇంతగా హత్తుకున్న పౌరులు దేశంలో ఇంకెక్కడున్నారు?

ఇక ప్రాక్టికల్స్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో విద్యార్థి సంఘాల ఎన్నికలకు తాళం పడింది. మరుసటి ఏడు మార్చిలో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. అంటే, ప్రధానిని ఎన్నుకునే బుద్ధి వచ్చిందని ఢిల్లీ ఒప్పుకున్న కుర్రాడికి కాలేజీ సెక్రటరీని ఎన్నుకునే బుద్ధి రాలేదని హైదరాబాద్ తేల్చేసింది. క్యాంపసుల్లో కత్తులు లేచాయి, ప్రాణాలు పోయాయి, కాదనను. అదే కొలబద్ద అసెంబ్లీ ఎన్నికలకు పెడితే ఏమయ్యేదని మాత్రం అడక్కండి. అది సిలబస్‌లో లేదు.

2006లో విద్యార్థి సంఘాల ఎన్నికలపై లింగ్డో కమిటీ సిఫార్సులకు సుప్రీంకోర్టు సరేనంది. అభ్యర్థి ఖర్చు ఐదు వేలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వద్దు. ఐదు వేలతో ఎన్నికా! మన పెద్దలకు ఆ ఊహే బూతులా వినిపించి ఉంటుంది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో పిల్లలు ఇప్పటికీ ఓట్లేసుకుంటున్నారు. అదే ఊళ్లో ఉన్న ఉస్మానియాకి ఆ బ్యాలెట్ పెట్టె ఇంకా చేరలేదు. దారిలో ట్రాఫిక్ కాబోలు.

ఎన్నిక లేకపోతేనేం, క్లాసుకో ప్రతినిధి, అదే సీఆర్, ఉన్నాడు. హెచ్‌వోడీగారే నియమిస్తారు. అటెండెన్స్ బాగుండాలి, నోరు లేవకూడదు. రికార్డులు మోయడం, మార్కర్ తేవడం అతని పరిపాలన. జనవరి 25న ఓటర్ల దినోత్సవానికి అందరినీ గ్రౌండులో వరసగా నిలబెట్టేదీ అతనే. చేతులు చాపించి, నిర్భయంగా ఓటేస్తామని ప్రమాణం చేయిస్తారు.

"మన కాలేజీలో ఎప్పుడేస్తాం సార్?" వెనక వరసలోంచి ఓ గొంతు.

"ఎవడ్రా అది? సీఆర్, వాడి అటెండెన్స్ కొట్టెయ్."