ఉధారి మాయమైన వైనము

తాను వ్రాసిన గ్రంథమును ఎవ్వరును చదువరని ముందుగనే యెఱిగియు, ఎవ్వరును చదువని ఆ గ్రంథములో ఒక్క మాట తప్పినచో ఊరందఱును ఇంటిమీదికి వత్తురని కూడ నెఱిగియు, నెలజీతము కొఱకై దానినే మరల మరల వ్రాయుచు కూర్చుండువాడు లోకమున నేనొక్కడనే యని నాకు గల యభిమానము. చాదర్ల వర్తకులును తువాళ్ల వర్తకులును బిల్లులు వ్రాసికొను సాఫ్ట్‌వేరు ఒకదానికి తెలుగునను మరాఠీలోను వాడుక పుస్తకము సిద్ధపఱచుట నా పని. క్రొత్తగా చేరిన సదుపాయమును వర్ణించుట సులభము. పెండ్లి శుభలేఖకు వలె నాలుగు విశేషణములు చేర్చిన చాలును. పేరు మార్చుకొన్న దానిని గూర్చియు, తొలగింపబడిన దానిని గూర్చియు వ్రాయవలసి వచ్చినప్పుడే కలము కదలదు. ఏలయన ఆ రెండును అసలు జరుగనే లేదని తోపింపవలెనని మా సంస్థవారి యాజ్ఞ. క్రొత్త కూర్పులో పాత పేరు ఉచ్చరింపరాదు. చదువరికి ఆ సాఫ్ట్‌వేరు సృష్ట్యాది నుండియు నిట్లే యున్నదని భ్రాంతి కలుగవలెను.

ఇట్టి నియమము మఱియే యూరనైన చెల్లునేమో కాని, నేను కాపురమున్న విడీ ఘర్కుల్‌లో చెల్లదు. షోలాపురమున హైదరాబాదు రోడ్డు వైపున బీడీ కార్మికుల గృహములుగా వెలసిన పేట యిది. తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు తల్లులు నేటికిని గుమ్మములలో చాటలు పట్టుకొని కూర్చుందురు గాని, వారి బిడ్డలలో తువాళ్ల కార్ఖానాలకు పోవువారు, రిక్షాలు నడుపువారు, పూనా పోయి నాబోటి గాలి కబుర్ల యుద్యోగములు చేయువారు ననేకులు; అయినను పేటకు పేరు బీడీదే. పాత విడీ ఘర్కుల్ అనియు, కొత్త విడీ ఘర్కుల్ అనియు రెండు గలవు. కొత్తదాని గోడలకు పెచ్చులూడినను అది కొత్తదే, మార్చుదమని యెవ్వరికిని తోచలేదు. ఊరిలోనికి పోయిన పాత పేరుపై ఈ విశ్వాసము మఱింత గాఢము. 1870లలో స్థాపితమైన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ వారి మిల్లు, దాని వెనుక వేఱు మిల్లులు పుట్టినందున ‘జూనీ మిల్’ అయి, 1949లో మూతపడి, 1950లో ప్రభుత్వము దాని నిర్వహణమును చేపట్టగా ఆ వ్యాజ్యము సుప్రీం కోర్టు దాక నడచి న్యాయశాస్త్ర విద్యార్థుల పాఠములలో స్థిరపడినది. మిల్లు లేదు, రిక్షావానితో ‘జూనీ మిల్’ అన్నచో మాత్రము రెండవ మాట అవసరము లేదు. 2023లో పొరుగు జిల్లా ఉస్మానాబాదు ధారాశివ్ అయినప్పుడు, మా పేటలోని జాగ్రత్తపరులు ఉత్తరముపై రెండు పేర్లును వ్రాసి తక్కినది టపావాని విజ్ఞతకు వదలిరి. వాడుక పుస్తకము వ్రాయువాడు చేయవలసినదంతయు వారు చేసిరి. వారికి జీతము మాత్రము లేదు.

మహాసంస్థల వైఖరి యెట్లున్నదో చూడుడు. 1995 నాటి విండోస్‌లో ‘నా కంప్యూటర్’ అని ఆప్యాయముగా పిలువబడిన బొమ్మ, విస్టా నాటికి ‘నా’ను పోగొట్టుకొని ఉత్త ‘కంప్యూటర్’ అయినది. 2013లో ‘ఈ పీసీ’ అయినది. మనది మనది కాకుండ పోవు విధానమును ఇంత క్రమముగా వేదాంతులు కూడ బోధింపలేదు. 2012లో ఆ విండోస్‌వారు స్టార్టు మీటను తొలగించిరి. లోకము గగ్గోలు పెట్టగా మఱుసటి సంవత్సరము దానిని తెచ్చి యథాస్థానమున నిలిపిరి. పెయింటు కథ యింకను చిత్రము: 2017లో దానిని ఇక వృద్ధిచేయని వాటి పట్టికలో చేర్చి, పెయింట్ 3డి యను వారసుని చూపగా, బొమ్మలు వేయుట యేనాడో మానిన పెద్దలు సైతము కన్నీరు కార్చిరి. తుదకు జరిగినదేమనగా, 2024 నవంబరులో వారసుడే స్టోరు నుండి తొలగింపబడెను. ముసలి పెయింటు నేటికిని నిక్షేపముగ నున్నది. వీలునామాలు వ్రాయువారు ఈ యుదంతమును గమనింపవలెను.

ఇక మా సంస్థ సంగతి. మొన్నటి కూర్పున మూడు మార్పులు జరిగెను. ‘పార్టీ’ యనునది ‘వ్యాపార భాగస్వామి’ అయ్యెను. అరువు బాకీల పద్దైన ‘ఉధారి’ యనునది ‘రావలసిన రాశుల నిర్వహణము’ అయ్యెను. లెక్కకెక్కని ‘కచ్చా బిల్లు’ తొలగింపబడెను. ఈ మూడవదానిని గూర్చి మాత్రము ఒక్క ఫిర్యాదు రాలేదు. దాని వలన నష్టపడినవాడు ఆ నష్టమును ఏ నోట చెప్పుకొనును? తక్కిన రెండింటికిని నేను అధికారుల యాజ్ఞ ననుసరించి, పాత పేర్ల పొలకువ లేకుండ చక్కని గ్రాంథికమున నూతనాధ్యాయములు వ్రాసితిని. పుస్తకము వెలువడిన మఱునాటి రాత్రి భోజనమునకు కూర్చుండబోవు వేళ, మా సందు చివర నుండు వృద్ధుడు, ఒక తువాళ్ల కార్ఖానాలో లెక్కలు వ్రాసి తలపండిన మునీం, చెప్పులు విడువకయే వాకిట నిలిచెను.

“మాస్తరూ, ఉధారి యాడ వాయె? నిన్న దుకాణం మూసేదాంక ఉండె. ఇయ్యాల తెరిస్తె లేదు. శేట్ నా మొకం దిక్కు జూస్తుండు.”

“పోలేదు మామా, పేరు మారింది. ఇప్పుడు దాన్ని రావలసిన రాశుల నిర్వహణం అంటారు.”

“అట్లనా! పేరు మారినట్టు బాకీదార్లకు ఎర్కనా? ఉధారి అని తీస్కపోయినోడు, రాశులు అంటె ఇస్తడా?”

ఈ ప్రశ్నకు మా పుస్తకమున సమాధానము లేదు. ఆయన అంతటితో విడువక, ముప్పదియేండ్లుగా పైకము ఎగవేయుచున్న ఒక పార్టీని సాఫ్ట్‌వేరు భాగస్వామి యని పేర్కొనుటలోని యపాయమును ఎత్తి చూపెను. “భాగస్వామి అన్నంక లాభంల వాటా అడగడా మాస్తరూ? కాయితం మీద మీరే రాసిస్తిరి గద!” అనెను. అన్నము చల్లారెను. 2017 జూలై 1న వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చినప్పుడు సర్కారు సైతము ఏది పోయినది, దాని స్థానమున ఏది వచ్చినది అని చాటించి, పాత లెక్కలు తెంచుకొనుటకు గడువు ఇచ్చెను గదా, మీ కంపెనీ సర్కారు కంటె పెద్దదా యని ఆయన అడిగి పోయెను.

అప్పటి నుండి, మార్పులను దాచక వ్రాయువారు లోకమున నెవరైన గలరా యని వెదకుట నాకు వ్యసనమయ్యెను. కలరు. పైథాన్ భాషవారు 2024 అక్టోబరున 3.13వ కూర్పు వెలువరించుచు, ఉపయోగము తీరిన 19 మాడ్యూళ్లను తమ గ్రంథాలయము నుండి ఒక్కసారిగ తొలగించిరి. తొలగించి ఊరకుండక, పోయిన ప్రతిదానికిని వాడుక గ్రంథమున ఒక్కొక్క పుటను నిలిపి, ఏ కూర్పున దీనికి కాలము మూడినదని ప్రకటించితిమి, ఏ కూర్పున తొలగించితిమి, కడసారి ఏ కూర్పున నుండెను అని చెక్కినట్లు వ్రాసిరి. మా ఘర్కుల్‌లో పెద్దలు పోయిన యింట కూడ ఇంత శ్రద్ధ అరుదు.

యూనికోడువారి పద్ధతి దీనికి నేరుగా విపరీతము. నా మట్టుకు అంతకంటె రుచికరము. ప్రపంచ లిపులలోని యక్షరములకు సంఖ్యలను పేర్లను కేటాయించు ఆ మండలివారు, 1996 నాటి రెండవ కూర్పు మొదలు, ఒకసారి పెట్టిన పేరును ఎన్నటికిని మార్చరాదని శపథము పట్టిరి. పర్యవసానము: తమిళులు ‘ழ’ అని వ్రాయు ధ్వనికి సమానమైన ప్రాచీన కన్నడాక్షరమొకటి, ఎవరి పరాకు వలననో ‘ఫ’ యను పేరుతో నమోదై, నేటికిని ఆ పేరుతోనే యున్నది, సరియైన పేరు దాని ప్రక్కన మాఱుపేరుగా చేర్చబడినది. ఇంకొకచోట బ్రాకెట్టు అను నింగ్లీషు మాటలో సీయును కేయును చోట్లు మార్చుకొని కూర్చున్నవి. వానిని కూడ లేపలేదు. మా యూరికి దక్షిణమున కన్నడదేశము కూతవేటు దూరమున నున్నందున ఈ వార్త మునీం గారికి చేరవేయగా ఆయన పరమానందభరితుడై, “తప్పయినా ఒక్క తాననే ఉంటె మంచిదే మాస్తరూ. ఎతుక్కునే పని తప్పుతది” అనెను.

నా యభిప్రాయము అంత దూరము పోదు. ఉన్న పేర్లన్నియు నుండుగాక యన్నచో వాడుక పుస్తకము ఏనుగుభారమగును, పోవలసినవి పోవలెను. ఫ్రాన్సు దేశపు జకార్డు రెండు శతాబ్దములకు పూర్వము తూట్ల యట్టలతో మగ్గమునకు పూవులు నేర్పెను. అట్టలు పోయి కంప్యూటరు పెట్టెలు వచ్చినను మా చాదరువారు ఆ యంత్రమును జకార్డే యందురు. ఎవ్వరికిని ఇబ్బంది లేదు. ఇబ్బందియెల్ల చెప్పకుండ మార్చినప్పుడు. కావున నేను రహస్యముగ పుస్తకము చివర ‘పూర్వనామ పరిశిష్టము’ అని రెండు పుటలు చేర్చితిని. సంస్థవారు పట్టుకొని తీసివేసిరి. ఇంతలో మునీం గారు ఎఱ్ఱ సిరాతో ఒక కాగితమున ఎడమ ప్రక్క పాత పేర్లును కుడి ప్రక్క క్రొత్త పేర్లును వ్రాసి కార్ఖానా గోడకు అంటించగా, ఇరుగుపొరుగు కార్ఖానాలవారు దానిని జిరాక్సు తీయించుకొనిరి; శేట్ల ఫోనులలో నది సంచరింపసాగెను. అమ్మకముల కుఱ్ఱవాడొకడు దానిని చూచి పైవారికి పంపెను.

ఇప్పటి క్రొత్త కూర్పున, వెదకు గడిలో ‘ఉధారి’ యని కొట్టిన నేరుగ రావలసిన రాశులకు చేర్చు సదుపాయము వెలసినది. దానికి ‘స్మార్ట్ దర్శిని’ యని పేరు. సంస్థవారి స్వయంప్రజ్ఞా ఫలమని నేనే ఒక యధ్యాయమంతయు వ్రాసితిని. వచ్చు సంవత్సరము ఆ పేరును మార్చు ఆలోచన కలదని చూచాయగా తెలిసి, మునీం గారి చెవిని వేసితిని. ఆయన ఆశ్చర్యపడలేదు.

“ఏం పేరు వెడ్తరో ముందుగాల చెప్పున్రి మాస్తరూ. కాయితంల కుడి దిక్కు జాగ విడిచి పెడ్త.”